ఎరువు వేయని దుబ్బు

వెదురు గెడ బాణపు పుల్ల కావాలంటే నాలుగేళ్లు పడుతుంది. మూడేళ్లు నేలలో ఉండాలి, ఒక ఏడాది నీడలో ఆరాలి. మొదటి ఏడాదే కోస్తే ఆరేసరికి ముడతలు పడుతుంది. మరీ ముదరనిస్తే పెళుసెక్కి విరుగుతుంది. చిక్కేమిటంటే, గెడని చూసి వయసు చెప్పడం కష్టం. చెట్టు మానులా అది ఏడాదికేడాది లావెక్కదు. నేలలోంచి ఎంత లావున తల బయటపెడుతుందో చివరిదాకా అంతే. అందుకని పుట్టిన ఏడాదే ప్రతి గెడకీ గుర్తు కట్టాలి.

ఆ ఇంట్లో గుర్తు కట్టే పని కూతురిది. ఆరేళ్లప్పుడు మొదలుపెట్టింది. వానలు పడి పిలకలు మోకాలెత్తు రాగానే, తల్లి కుట్టుమిషను సొరుగులోని దారపు కండెల్లోంచి ఆ ఏటి రంగు తీసుకుని, ఒక్కో పిలకకీ మొదటి కణుపు కింద రెండు చుట్లు చుట్టి ముడి వేసేది. ఒక ఏడు ఎరుపు, మరుసటి ఏడు పసుపు, ఆ తర్వాత నీలం, ఆ తర్వాత తెలుపు. ఐదో ఏడు మళ్లీ ఎరుపు. గెడ కోసి, ఆరబెట్టి, నిప్పుల మీద వేడిచేసి వంపులు తీసేటప్పుడు కూడా ఆ ముడి ఊడేది కాదు. తండ్రి బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చేది.

"ఇది ముడా, తాళమా?" అనేవాడాయన.

ఇంట్లో ఆమెని పొట్టి అంటారు. ఇప్పుడామెకి ఇరవయ్యారేళ్లు. వెనక గుమ్మంలోంచి పెరట్లోకి రావాలంటే తల వంచాలి. చిన్నప్పుడు పెట్టిన పేరు, ఆ తర్వాత మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు. మందుల షాపులో పని చేస్తుంది. పై అరలోని డబ్బాల కోసం షాపులో మిగతావాళ్లు నిచ్చెన వేసుకునేవాళ్లు, ఆమె చేయి చాచేది.

తండ్రిని వీధిలో బాణాలాయన అంటారు. సెలూన్ ముందు నుంచి ఆయన వెళ్తూ ఉంటే, లోపలి నుంచి ఎవరో ఒకరు "ఏం మాస్టారూ, యుద్ధం ఎప్పుడు?" అని కేక వేస్తారు. "నీ క్షవరం అయిపోనీ, మొదలెడదాం" అని ఆయన అనడం, వాళ్లు నవ్వడం. ఇరవయ్యేళ్లుగా అదే కేక, అదే జవాబు, అదే నవ్వు. కర్ర విల్లు పట్టేవాళ్లు ఆ ఊళ్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. వాళ్లకీ, పోస్టులో ఉత్తరం రాసి అడిగేవాళ్లకీ ఆయన బాణాలు చేస్తాడు.

పుల్లలన్నీ పెరట్లోవే. వెనక గోడ వెంట మూడు వెదురు దుబ్బులున్నాయి. వేర్లు పక్కింట్లోకి పాకకుండా ఒక్కోదాని చుట్టూ నడుమెత్తు లోతుకి రేకు దింపి ఉంటుంది. తూర్పు గోడ వెంట పదకొండు పొదలు. వాటిని ఏటా చలికాలంలో నేలమట్టానికి నరికేస్తాడు. నరికితేనే మొదట్లోంచి కొత్త కొమ్మలు గీత గీసినట్టు నిటారుగా లేస్తాయి. వాటి బెరడు ఒలిచి, పాతికేసి కలిపి బిగించి కట్టి, షెడ్డు వాసానికి వేలాడదీస్తాడు. బిగించి కడితే ఆరేటప్పుడు ఒకదాన్నొకటి వంగనివ్వవు.

"పెంచేదెందుకూ, నరికేదెందుకూ?" అని పక్కింటావిడ గోడ మీద నుంచి అడిగింది ఒకసారి.

"మా ఆయనకి ఎదురు చెప్పకుండా పెరిగేవి అవే. అందుకే వాటిని కూడా వదలరు" అంది బాణాలాయన భార్య. ఈకలు దారంతో చుట్టడం ఆవిడ పని. మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతూనే మధ్యలో చుట్టిపెడుతుంది.

షెడ్డులో గోడకి ఒక చెక్క పలక ఉంది. దానికి రెండు మేకులు, రెండు జానల ఎడంలో. పుల్లని ఆ మేకుల మీద ఆనించి, నడుమన ఇత్తడి గుండు వేలాడదీస్తే పుల్ల వంగుతుంది. ఎంత వంగిందో చూడ్డానికి వెనక కాగితం మీద గీతలు గీసి, అంకెలు వేసి ఉన్నాయి. బిగువున్న పుల్ల తక్కువ వంగి ఐదో గీత దగ్గరే ఆగుతుంది. మెతక పుల్ల పదో గీత దాటుతుంది. విల్లుని గట్టిగా లాగేవాళ్లకి బిగువు పుల్ల కావాలి, మెల్లిగా లాగేవాళ్లకి మెతకది. మెల్లిగా లాగే చేతికి బిగువు పుల్ల ఇస్తే బాణం ఎడమకి పోతుంది. పన్నెండు పుల్లలు ఒకే గీత మీద ఆగితే వాటిని ఒక కట్ట కట్టి, అట్టముక్క మీద ఆ అంకె రాసి తగిలిస్తాడు.

పొట్టిది ఏడో గీత. పదిహేడో ఏట నుంచీ ఏడే. అడిగినవాళ్లకి రక్తం గ్రూపు చెప్పినట్టు చెప్పేది: "నాది ఏడు." ఏటా చలికాలం చివర మైదానంలో పోటీ ఉంటుంది. ఆ ఏడుతో రెండుసార్లు గెలిచింది.

ఆదివారం పొద్దున్న ఇద్దరూ మైదానానికి వెళ్తారు. ఆమె వేస్తుంది, ఆయన గడ్డిదిబ్బ దగ్గరికి నడిచి బాణాలు పీకి తెస్తాడు. పీకేటప్పుడు ఆయనకి ఒక అలవాటుంది. బాణం విల్లుకి రాసుకుంటూ పోతుంది కదా, నూనె పట్టించిన పుల్ల మీద ఆ రాపిడికి మెరుపు పోతుంది. విల్లు ఎంతదాకా లాగారో అక్కడి నుంచి వెనక్కి పోతుంది. ములికి వైపు కొంత భాగం మాత్రం విల్లుకి తగలక, కొత్తదానిలా మిగులుతుంది. తక్కువ లాగితే ఎక్కువ మిగులుతుంది. ఆయన ఆ మిగిలినదాన్ని వేళ్లు ఆనించి కొలుస్తాడు. పొట్టి వేసిన బాణాలకి ఏడేళ్ల పాటు రెండు వేళ్లే.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మూడు వేళ్లు వచ్చాయి.

రాత్రి నిద్రపోలేదేమో అనుకున్నాడు. నెల తర్వాత మూడున్నర. బాణాలు దిబ్బ నడుమన కాకుండా ఎడమకి జానెడు దూరంలో, కాస్త కిందుగా గుచ్చుకుంటున్నాయి.

"గాలి నాన్నా" అంది పొట్టి.

మైదానం చివర జెండా కర్రకి గుడ్డ కదలకుండా వేలాడుతోంది. ఆయన దాని వైపు చూసి, "అవును" అన్నాడు.

తర్వాతి నెల దగ్గు మందు కోసం షాపుకి వెళ్లాడు. పొట్టి లోపల లెక్క చూసుకుంటోంది. షాపు యజమాని సీసా అందిస్తూ నవ్వాడు.

"మీ అమ్మాయి షాపంతా కిందికి దించేసిందండీ. పై అరలన్నీ ఖాళీ. ఇలాగైతే రేపు నేను నేల మీద చాప వేసుకుని అమ్మాలి."

ఆయన తలెత్తి చూశాడు. పై రెండు అరల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. డబ్బాలన్నీ నడుము ఎత్తులో ఉన్నాయి. దగ్గు మందు తీసుకుని ఇంటికొచ్చాడు. మూత తీయడం మర్చిపోయాడు.

పదిరోజులకి భోజనాల దగ్గర పొట్టే చెప్పింది. భుజం నొప్పికని వెళ్తే పరీక్షలు చేశారట. కండరాల జబ్బట. మాత్రలిచ్చారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

తల్లి గరిటె పట్టుకుని ఆగిపోయింది. "తగ్గుతుందన్నారా?"

"అదుపులో ఉండొచ్చన్నారు."

"అదుపులో అంటే?"

"అంటే అదుపులో అనే అమ్మా. వడ్డించు, చల్లారిపోతోంది."

అంతకన్నా ఎవరూ మాట పెంచలేదు. తండ్రి ఆ పూట ఏం తిన్నాడో అడిగితే చెప్పలేడు.

ఆ చలికాలం ఆయన రెండు పనులు చేశాడు. రెండూ ఎవరికీ చెప్పలేదు.

మొదటిది: పొట్టికి పోటీ బాణాలు చేసేటప్పుడు వాసానికి వేలాడే కట్టల్లోంచి సన్నపాటి పుల్లలు ఎంచాడు. తొమ్మిదో గీతవి. ఎవరికి ఎంత బిగువు కావాలో అంత ఇవ్వడం ఆయన వృత్తి. ఆ పని వరకు తప్పేం లేదు. కట్టకి అట్టముక్క తగిలించేటప్పుడు మాత్రం పెన్సిలు ఆగింది. తొమ్మిది అని రాస్తే పొట్టి చదువుతుంది. ఏడు అని రాశాడు. ఇరవయ్యేళ్లలో అట్టముక్క మీద అబద్ధం రాయడం అదే మొదలు.

రెండోది: వెనక గోడ మూల దుబ్బుకి ఎరువు ఆపేశాడు. ఎరువు లేకపోతే వచ్చే పిలకలు సన్నగా వస్తాయి. ఇవాళ ఆపితే ఆ సన్న పుల్లలు చేతికొచ్చేది నాలుగేళ్లకి. నాలుగేళ్లకి పొట్టికి ఎంత సన్నవి కావాలో ఆయనకి తెలియదు. ఇంతకంటే సన్నవని మాత్రం తెలుసు.

"ఆ మూల దానికి పేడ వెయ్యరేం? అలిగారా దాని మీద?" అంది భార్య.

"వేర్లు కుళ్లుతున్నాయి. ఆరనివ్వాలి."

"ఈ పుల్లలేంటి, ఈసారి ఇంత సన్నగా ఉన్నాయి?" అని కూడా అంది, ఈకలు చుడుతూ.

"బాగా ఆరాయి" అన్నాడు.

కొత్త బాణాలతో మొదటి ఆదివారం. పొట్టి మొదటి బాణం వేసింది. దిబ్బ నడుమ. రెండోది దాని పక్కన. మూడోది వెళ్లి మొదటిదానికి రాసుకుంది. పుల్ల తేలిక కాబట్టి వేగం పెరిగి ఎత్తు తగ్గలేదు, మెతక కాబట్టి ఎడమకి పోలేదు. పన్నెండు వేసేసరికి ఆమె ముఖం చేటంత అయింది.

"నాన్నా, చూశావా? మాత్రలు పనిచేస్తున్నాయి!"

ఆయన అప్పటికే దిబ్బ వైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. ఒక బాణం పీకి, మెరుపు మిగిలిన చోట వేళ్లు ఆనించాడు. నాలుగు.

చెప్పాల్సింది అప్పుడే. తిరిగి వచ్చే ముప్ఫై అడుగుల్లో చెబుదామనే అనుకున్నాడు. ఆమె ఎదురొచ్చి, చిన్నపిల్లలా ఆయన చేతిలోంచి బాణాలు లాక్కుని మళ్లీ నిలబడి వేసే గీత దగ్గరికి పరిగెత్తింది. సరే, ఇంటికెళ్లాక అనుకున్నాడు. ఇంటికెళ్తే, గుమ్మంలోనే తల్లికి చెప్పేసింది. ఆవిడ మిషను మీద తల వాల్చి ఏడ్చేసింది, నవ్వేసింది. రేపు అనుకున్నాడు. పోటీ కానీ అనుకున్నాడు. పోటీలో ఆమె మూడో స్థానంలో వచ్చింది. ఆ సంబరం అవనీ అనుకున్నాడు. ఏడాది గడిచింది.

రెండో చలికాలానికి తొమ్మిదో గీత కూడా ఎడమకి పోవడం మొదలైంది. ఆయన పొదల కొమ్మల్లోంచి పదకొండో గీతవి పన్నెండు తీశాడు. అట్టముక్క మీద ఈసారి పెన్సిలు ఆగలేదు. ఏడు. మళ్లీ దిబ్బ నడుమ. మళ్లీ "చూశావా నాన్నా." బాణం అంత తేలికైతే మిగిలిన జోరంతా విల్లే భరించాలి, వదిలినప్పుడల్లా విల్లు ఠంగుమంటోంది. ఆ చప్పుడు ఆయన దవడ దాకా పాకేది. పొట్టికి వినిపించలేదు. నడుమన గుచ్చుకుంటూ ఉంటే ఇంకేం వినిపిస్తుంది?

ఒక బుధవారం పొద్దున్న ఫోను మోగింది. భార్య తీసింది. మాట్లాడి పెట్టేసి షెడ్డులోకి వచ్చింది. చేతిలో సూది, దారం అలాగే ఉన్నాయి.

"క్లినిక్ నుంచట. పొట్టి మూడుసార్లు రాలేదట. సెల్లుకి చేస్తే ఎత్తడం లేదట. ఎందుకు వెళ్లడం లేదది?"

ఆయన నిప్పుల మీద పుల్ల తిప్పుతున్నాడు.

"అవునులెండి, నయమైందిగా. నిన్ననేగా అంది, డాక్టరెందుకు, దిబ్బే చెబుతోంది కదమ్మా అని." ఆయన చేతిలో పుల్ల తిరగడం ఆగింది. "ఏమండీ?"

"నయం కాలేదు."

"మీకెలా తెలుసు?"

చెప్పాడు. రెండు వేళ్లు, మూడు వేళ్లు, పై అరలు, తొమ్మిది, పదకొండు, మూల దుబ్బు. పుల్ల నిప్పుల మీదే ఉండిపోయి మాడిన వాసన వచ్చింది. ఆవిడ విన్నంతసేపూ సూదిని పమిట కొంగుకి గుచ్చుతూ, తీస్తూ, గుచ్చుతూ ఉంది.

"నా చేత కూడా చుట్టించారు" అంది చివరికి. "ఆ ఈకలు నేనే చుట్టాను."

"ఏమోయ్..."

"ముందు దానికి చెప్పండి. మీ సంగతి తర్వాత."

మధ్యాహ్నం పొట్టి భోజనానికి వచ్చింది. ఆయన షెడ్డు గుమ్మంలోంచి పిలిచాడు.

"ఏంటి నాన్నా, కొత్త కట్టా?"

"నీ బాణం ఒకటి తెచ్చి పలక మీద పెట్టు."

"ఎందుకు? ఏడేగా."

"పెట్టమ్మా."

ఆమె అమ్ములపొదిలోంచి ఒకటి తీసి మేకుల మీద ఆనించింది. గుండు తగిలించింది. పుల్ల ఏడో గీత దాటింది, తొమ్మిది దాటింది, పదకొండు దగ్గర ఆగి కదిలి నిలిచింది. ఆమె దాన్ని తీసి ఇంకొకటి పెట్టింది. పదకొండు. మూడోది. పదకొండు.

"గుండు మార్చావా?"

"లేదు."

ఆమె గుండుని అరచేతిలోకి తీసుకుని తిరగేసి, కింద చెక్కిన అంకె చూసింది. మేకుకి తగిలి ఉన్న ఆ కట్ట తాలూకు అట్టముక్క చూసింది.

"ఇది నీ రాతే."

"నాదే."

"నిరుటివి?"

"అవి తొమ్మిది."

బయట తల్లి కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. మాటలు వినడానికి కట్టేసింది.

"అంటే మాత్రలు..." అని ఆపేసింది పొట్టి. వెనక గోడకున్న పాత కట్టలోంచి, రెండుసార్లు గెలిచిన ఏడో గీత బాణం ఒకటి తీసింది. విల్లు భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఆయన చెప్పులు వేసుకోకుండానే వెనక వెళ్లాడు. సెలూన్‌లోంచి కేక వచ్చింది. ఆ రోజు జవాబు రాకపోయేసరికి లోపలివాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

మైదానంలో ఎవరూ లేరు. ఆమె గీత దగ్గర నిలబడి లాగింది. మోచేయి వణకడం ఆయనకి వెనక నుంచి కనిపించింది. ఇన్నాళ్లుగా ఆయన చూసింది దిబ్బనే. చేతిని చూడలేదు.

బాణం దిబ్బకి ఎడమ అంచున, అడుగున, మట్టిని గీరుకుంటూ సగం లోపలికి పోయింది.

ఆయన వెళ్లి పీకాడు. వేళ్లు ఆనించాడు.

"ఎన్ని?" అని అరిచింది పొట్టి గీత దగ్గర నుంచి.

ఆయన తలెత్తాడు. "నీకు తెలుసా ఇది?"

"ప్రతి ఆదివారం నువ్వు వేళ్లు పెడుతుంటే కనబడదా? పుల్ల అరిగిందేమో చూస్తున్నావనుకున్నా. ఎన్ని వేళ్లు నాన్నా?"

అబద్ధం చెప్పడానికి వీలైన దూరమే. "ఆరు" అన్నాడు.

ఆమె విల్లు కిందపెట్టి, గడ్డిలో కూర్చుంది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. బాణం ఇద్దరి మధ్యా ఉంది.

"ఆ మొదటి ఆదివారం ఉంది చూడు, మర్నాడు నేను షాపులో అందరికీ స్వీట్లు పంచాను" అంది. "ఎందుకంటే చెప్పలేదు. పుట్టినరోజా అంటే, అలాంటిదే అన్నాను."

ఆయన బాణం ములికికి అంటిన మట్టి తుడిచాడు.

"ఆ వేసవిలో క్లినిక్‌కి వెళ్లాల్సి ఉంటే వెళ్లలేదు. వెళ్తే ఆ డాక్టరమ్మ చేతిలో ఒక యంత్రం పెట్టి నొక్కమంటుంది. ఎంత నొక్కినా ముల్లు కొంచెమే కదులుతుంది. దానికన్నా నీ బాణమే నమ్మకం అనుకున్నా. నీ బాణం ఎప్పుడూ తప్పు చెప్పలేదుగా."

"తిట్టు పొట్టీ."

"ఉండు, తిడతాను. ముందు ఓపిక రానీ."

ఇంటికొచ్చాక ఆమె లోపలికి వెళ్లలేదు. పెరట్లో మూల దుబ్బు ముందు నిలబడింది. నిరుడు తను నీలం దారం కట్టిన గెడలు చిటికెనవేలి లావు కూడా లేవు. పక్క దుబ్బుల్లో అదే నీలం కట్టినవి బొటనవేలంత ఉన్నాయి.

"వేర్లు కుళ్లాయని అమ్మతో అన్నావట."

"ఎరువు ఆపాను. ముందు ముందు సన్నవి కావాలని."

"ఎంత సన్నవి?"

"తెలీదమ్మా."

ఆమె గెడని రెండు వేళ్ల మధ్య పట్టుకుని పై నుంచి కింది దాకా నిమిరింది. అప్పుడు ఏడ్చింది. మైదానంలో రాని ఏడుపు అక్కడొచ్చింది. "దీన్నెందుకు మాడ్చావు నాన్నా? దీని తప్పేముంది?"

శుక్రవారం ముగ్గురూ క్లినిక్‌కి వెళ్లారు. డాక్టరమ్మ యంత్రం చేతికిచ్చింది. ముల్లు కదిలింది, ఆగింది. ఆవిడ పాత అంకె పక్కన కొత్త అంకె రాసి, రెండింటినీ చూస్తూ కూర్చుంది.

"మొదట్లోనే వచ్చుంటే మందు మార్చి చూసేవాళ్లం" అంది. "దానితో ఎంత నిలిచేదో నేను చెప్పలేను. నిలిచేది కూడా కాదేమో. ఇప్పుడు మార్చి చూద్దాం. తెలియదు మరి."

ఆ 'తెలియదు' అన్న మాట పట్టుకుని బాణాలాయన మెట్లు దిగాడు. నిలిచేది కాదేమో అంది. నిలిచేదేమో కూడా. తొమ్మిది నెలలు. ఇక ఎవరినడిగినా తేలదు.

ఆ రోజు నుంచి తొమ్మిది రోజులు భార్య ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఎదురుగా నిలబడి ఉంటే, "పొట్టీ, మీ నాన్నని భోజనానికి రమ్మను" అనేది. "నాన్నా, అమ్మ భోజనానికి రమ్మంటోంది" అనేది పొట్టి, ఇద్దరి మధ్యా నిలబడి. "వస్తున్నానని చెప్పు." "వస్తున్నాడట." పదో రోజు ఆవిడ అన్నం వడ్డిస్తూ, "చాలా?" అంది నేరుగా. ఆయన చాలంటే ఎక్కడ మాట ఆగిపోతుందోనని, ఆకలి లేకపోయినా ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

పొట్టి పెద్ద విల్లు వాసానికి తగిలించేసింది. ఇప్పుడు పట్టేది మైదానంలో పన్నెండేళ్ల పిల్లలు నేర్చుకునే విల్లు. దానికి తండ్రి చేసిన పుల్లలు పదమూడో గీతవి. అట్టముక్క మీద పదమూడు అనే రాశాడు. ఆమె చదివి, పలక మీద పెట్టి చూసుకుంది. ఇకముందు ప్రతిదీ పెట్టే చూసుకుంటుంది. ఆయన పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఆ పాటి దానికి ఆయన ఏమీ అనుకోకూడదు, అనుకోలేదు కూడా. కానీ చూడలేకపోయాడు.

మూల దుబ్బుకి ఎరువు వేయమంది. వేశాడు. రెండు తట్టలు పేడ, ఒక తట్ట బూడిద. చుట్టూ తవ్వి, నీళ్లు పెట్టాడు. కొత్త మందు మొదలై ఐదు నెలలు. ముల్లు ఒకసారి నిలిచింది, ఒకసారి తగ్గింది. షాపులో ఆమెకి కౌంటరు దగ్గర స్టూలు వేశారు.

వానలు పడ్డాయి. పిలకలు మోకాలెత్తు వచ్చాయి. ఈ ఏడు తెలుపు. పొట్టి దారపు కండె, కత్తెర తెచ్చుకుని పీట మీద కూర్చుంది. తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు. రెండు దుబ్బులు అయ్యేసరికి ఎండ గోడ దాటింది. ఆ రెండింటి పిలకలకీ ముడులు తల్లే వచ్చి వేసి, మిషను పనుందని వెళ్లింది. మూల దుబ్బు నేను కడతానంది పొట్టి.

మూల దుబ్బులో మిగతా పిలకలు ఇంకా సన్నవే. ఏడాది పస్తు ఒక్క ఎరువుకి పోదు. ఒకటి మాత్రం బొటనవేలంత లావున, నల్లగా, తల మీద నీటి చుక్కతో లేచింది. నిరుటి అలవాటున తండ్రి చేయి దాని మీదికి పోయింది. లావుపాటి పిలక కనిపిస్తే విరిచేయడం, సన్నవి ఉంచడం.

"ఉండనీ" అంది పొట్టి.

"ఇది ఐదో గీత పుల్లవుతుందే. దీనికి సరిపోయే విల్లు లాగాలంటే..." ఆయన మధ్యలో ఆపాడు.

"తెలుసు. ఉండనీ."

ఆమె దారం తీసి మొదటి కణుపు కింద రెండు చుట్లు చుట్టింది. "నాలుగేళ్లు" అంది, పిలకతో అన్నట్టు. ముడి వేసి లాగింది. దారం వేళ్ల మధ్య నుంచి జారింది. వేళ్లు కొంగుకి తుడుచుకుని మళ్లీ లాగింది.

"బిగిసిందా?"

ఆయన గోటితో ముడిని కదిపి చూశాడు. కదిలింది.

"లేదు" అన్నాడు.

ఆమె కొసలు రెండు వేళ్లకి చుట్టుకుని, పళ్లు బిగపట్టి లాగింది. మెడ నరాలు లేచాయి.

"ఇప్పుడు?"

"లేదమ్మా."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటిని చూసింది. మిషను చప్పుడు లోపల ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె ఒక కొస ఆయన చేతికిచ్చింది.

"ఆ కొస నువ్వు పట్టుకో. ఈ కొస నేను లాగుతాను. నువ్వు లాగకు. ఊరికే పట్టుకో."

ఆయన పట్టుకున్నాడు. ఆమె వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి లాగింది. ముడి పడింది. ఆయన గోటితో కదిపాడు.

"బిగిసింది."

"నిజంగా?"

"నువ్వే చూడు."

ఆమె చూసింది. తర్వాత కత్తెరతో కొసలు కత్తిరించి, పీట పక్కకి జరుపుకుంది. ఆ దుబ్బులో ఇంకా పందొమ్మిది పిలకలున్నాయి.